అబ్బాయి బుడిపెలన్నీ తీయించేయాలా? ముందు మీ వారిని చూపించండి

ప్రశ్న: మాది పి.గన్నవరం వైపు లంక గ్రామం. మా బాబుకి పదకొండేళ్ళు. మోకాళ్ళ దగ్గర, మణికట్ల దగ్గర, వీపు మీద రెక్క ఎముకకి గట్టిగా బుడిపెల్లా ఉన్నాయి. అమలాపురంలో ఎక్స్‌రే తీసి ‘మల్టిపుల్ హెరెడిటరీ ఎక్సోస్టోసెస్’ అని రాశారు. మా వారికి కూడా చిన్నప్పటి నుంచి ఇవే ఉన్నాయి. ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. దసరా నుంచి తుంటి దగ్గరది కాస్త పెరిగినట్టుంది, రాత్రిళ్ళు సలుపుతోందని బిళ్ళ వేసుకుంటున్నారు. బాబు విషయంలో ఒక డాక్టరు గారు అన్నీ ఒకేసారి తీయించేయమన్నారు. ఇంకొకరు ఎదుగుదల ఆగేదాకా ముట్టుకోవద్దన్నారు. మా ఆడపడుచు ఫోన్లో వీడియో చూపించి, కత్తి పెడితే ఎముక ఇంకా పెరిగి మనిషి కొయ్యబారిపోతాడంటోంది. పుత్తూరు కట్టు వేయించమని మా నాన్న. మాది మేనరికం, అందుకే ఇలా పుట్టాడని అత్తగారు. నాలుగేళ్ళ పాప కూడా ఉంది. ఈ ఎండాకాలం సెలవుల్లో బాబుకి ఆపరేషన్ చేయించమంటారా?
— ఒక తల్లి

అమ్మా,

మీ ఉత్తరమంతా బాబు గురించే. కానీ అందులో నన్ను ఎక్కువ ఆపేసింది మీ వారి గురించి రాసిన ఆ రెండు ముక్కలు. ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం. బాబు విషయంలో ఆలోచించుకోవడానికి మనకి సమయం ఉంది. మీ వారి విషయంలో ఈ వారమే కదలాలి.

ఈ జబ్బులో ఎముకల చివర్ల దగ్గర, పైన మృదులాస్థి (మెత్తటి ఎముక) టోపీ ఉన్న బుడిపెలు లేస్తాయి. పిల్లలు ఎదిగినన్నాళ్ళూ అవీ ఎదుగుతాయి, ఎదుగుదల ఆగాక అవీ ఆగిపోవాలి. ముప్ఫైలు, నలభైలు దాటిన మనిషికి పాత బుడిపె మళ్ళీ పెరిగిందన్నా, ఏ దెబ్బా తగలకుండా కొత్తగా నొప్పి మొదలైందన్నా, అందులోనూ రాత్రిపూట సలుపు అన్నా, దాన్ని చూపించి తీరాలి. ఆ మృదులాస్థి టోపీలో క్యాన్సర్ మొదలయ్యే అవకాశం కొద్దిగా ఉంటుంది. దాన్ని కాండ్రోసార్కోమా అంటారు. ఈ జబ్బున్న వాళ్ళలో జీవితకాలంలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఇది రావచ్చని ఎక్కువ పుస్తకాలు రాస్తాయి. వస్తే ఎక్కువగా తుంటి, కటి, భుజం లాంటి ఒంటికి దగ్గరి ఎముకల్లోనే వస్తుంది. మీరు చెప్పిన చోటు సరిగ్గా అదే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అలాగని ఇంటిల్లిపాదీ ఇప్పుడే టెన్షన్ పడిపోకండి. పెరిగినట్టనిపించే బుడిపెల్లో చాలావాటికి కారణం వేరే ఉంటుంది. బుడిపె మీద కండరం రాసుకుని రాసుకుని నీటి సంచిలాంటిది ఏర్పడవచ్చు. బుడిపెకి ఉన్న తొడిమలాంటి కాడ చిట్లినా నొప్పి వస్తుంది. ఏదన్నది చేత్తో నొక్కి చూసి తేల్చలేం. కటి ఎక్స్‌రే, తర్వాత ఎమ్మారై తీయించాలి. ఎమ్మారైలో ఆ మృదులాస్థి టోపీ మందం కొలుస్తారు. పెద్దవాళ్ళలో అది రెండు సెంటీమీటర్లకు దగ్గరపడినా, దాటినా అనుమానించాల్సిందే. రిపోర్టులో ఆ కొలత రాయమని అడగండి. చాలాసార్లు ‘బుడిపె ఉంది’ అని రాసి వదిలేస్తారు, ఉందన్నది మనకి ముందే తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అనుమానం నిజమైతే, ‘చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం’ అని దగ్గర్లో ఎక్కడో చేయించకండి. సూది వెళ్ళిన దారిలో కణాలు అంటుకునే ప్రమాదం ఉంటుంది. చివరి ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కలిపి తీసేయాలి. కాబట్టి ఆపరేషన్ చేయబోయే సర్జనే ఆ ముక్క ఎక్కణ్ణుంచి తీయాలో నిర్ణయించాలి. ఎముక కణితుల ఆపరేషన్లు మామూలుగా చేసే సర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి, అంటే విశాఖకో హైదరాబాదుకో వెళ్ళాల్సి ఉంటుంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో నిమ్స్ ఉంది. ముందు ఫోన్ చేసి, ఎముక కణితుల సర్జన్ ఏ రోజుల్లో చూస్తారో కనుక్కుని బయల్దేరండి. ఈ రకం క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్ పెద్దగా పనిచేయవు, మొత్తంగా తీసేయడమే వైద్యం. చాలావరకు నెమ్మదిగా పెరిగే రకమే కాబట్టి ముందుగా దొరికితే పూర్తిగా బాగయ్యే అవకాశం బాగా ఉంటుంది. ‘కొబ్బరి దింపు అయ్యాక చూద్దాం’ అంటారేమో, వినకండి.

ఇప్పుడు బాబు సంగతి.

మీరు చూపించిన ఇద్దరు డాక్టర్లూ చెరో సగం సరిగ్గా చెప్పారు. ఈ జబ్బులో ‘ఆపరేషన్ చేయించాలా వద్దా’ అని మొత్తానికి కలిపి అడిగితే జవాబు దొరకదు. ఒక్కో బుడిపె గురించి విడిగా అడగాలి. నొప్పి లేని, దేనికీ అడ్డు రాని బుడిపె జీవితాంతం ఉన్నా నష్టం లేదు. మీ వారు ఇన్నేళ్ళూ బతికింది అలాగే. కానీ బుడిపెల వల్ల ఎముకలు వంకర తిరుగుతుంటే మాత్రం ఎదుగుదల ఆగేదాకా కూర్చోకూడదు. తేలిగ్గా సరిచేసే అవకాశం ఆ ఎదుగుదల ఉన్నన్నాళ్ళే ఉంటుంది.

బుడిపెల విషయంలో ఎందుకు ఆగవచ్చో, వంకర విషయంలో ఎందుకు ఆగకూడదో కాస్త వివరంగా చెబుతాను.

పిల్లల ఎముక పొడవయ్యేది చివర్లలో ఉండే ఎదుగుదల పొర దగ్గర. బుడిపె పుట్టేదీ ఆ పక్కనే. ఎముక పొడవయ్యే కొద్దీ బుడిపె ఆ పొరకి దూరంగా జరుగుతుంది. కొబ్బరిచెట్టు పైకి పోతున్న కొద్దీ రాలిన మట్టల గుర్తులు మొవ్వకి దూరమై కిందికి మిగిలిపోతాయి చూడండి, అలాగే. చిన్న వయసులో, బుడిపె ఇంకా ఆ పొరని ఆనుకుని ఉన్నప్పుడు తీస్తే పొర దెబ్బతిని ఎదుగుదలే చెడవచ్చు. పైగా బుడిపె మీది మృదులాస్థి టోపీ, ఆ టోపీని కప్పిన పల్చటి పొర పూర్తిగా రాకపోతే బుడిపె మళ్ళీ లేస్తుంది. అందుకే నొప్పి లేని బుడిపెలకి తొందరపడరు. ఉన్నవన్నీ తీయడం మొదలుపెడితే ఇక దానికి అంతుండదు, ఒళ్ళంతా కుట్లే మిగులుతాయి. నొప్పి పెట్టేవి రెండో మూడో దగ్గర దగ్గర్లో ఉంటే ఒకే మత్తులో కలిపి తీయడం మాత్రం మంచిదే. ఆ డాక్టరు గారు ‘ఒకేసారి’ అన్నది ఈ ఉద్దేశంతోనేమో, మళ్ళీ వెళ్ళి అడగండి.

వంకర సంగతి వేరు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. చిటికెన వేలు వైపు అల్నా, బొటనవేలు వైపు రేడియస్. మణికట్టు దగ్గర అల్నాకి బుడిపె లేస్తే అది కురచగా ఉండిపోతుంది. రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పక్కది లాగిపట్టడంతో విల్లులా వంగుతుంది, కొన్నాళ్ళకి మోచేతి దగ్గర దాని తల కీలు జారవచ్చు. అలా జారాక వెనక్కి తేవడం చాలా కష్టం. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కూడా ఇదే వరస. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ పెరిగి మోకాళ్ళు లోపలికి వాలతాయి.

వీటిని ఇంట్లోనే కనిపెట్టవచ్చు. బాబుని రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించి, అరచేతులు పైకి తిప్పమనండి. గుడిలో తీర్థం పట్టినట్టు అరచెయ్యి పూర్తిగా పైకి తిరగాలి. తిరక్కపోతే పిల్లలు మోచెయ్యి పక్కకి లాగో, భుజం వంచో, ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగించో పని కానిస్తారు. చూసేవాళ్ళకి తెలియదు. ‘వీడు తీర్థం కింద పోస్తాడు’ అని కోప్పడుతుంటాం, పిల్లాడు మాత్రం చెయ్యి తిరగడం లేదని చెప్పడు, అందరి చేతులూ అంతేననుకుంటాడు. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు పక్క నుంచి గమనించండి, అక్కడా తెలిసిపోతుంది.

తర్వాత మోకాళ్ళు ఆనించి నిలబెట్టి, లోపలి చీలమండల మధ్య ఎంత దూరం ఉందో టేపుతో కొలిచి తేదీతో రాసిపెట్టుకోండి. మూడు నెలలకోసారి కొలవండి. మడమల మీద పది అడుగులు నడవమనండి. ఒక పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, నడుస్తుంటే ఒక కాలి చెప్పే ఊరికే జారిపోతున్నా, పాదం పైన తిమ్మిరి అన్నా వెంటనే చూపించాలి. మోకాలి బయటి పక్క, కింద చిన్న ఎముక తల ఉంటుంది. దానికి లేచిన బుడిపె పక్కనే పోయే నరాన్ని నొక్కితే ఇలా అవుతుంది. నరం మీద ఒత్తిడి ఉన్నప్పుడు సెలవుల కోసం ఆగకూడదు. అక్కడ ఆపరేషన్ చేసే సర్జన్ ముందు నరాన్ని కనిపెట్టి, పక్కకి తప్పించి, ఆ తర్వాతే బుడిపె ముట్టుకోవాలి. ‘నరాన్ని ఎలా కాపాడతారు?’ అని మొహమాటపడకుండా అడగండి. మంచి సర్జన్ ఆ ప్రశ్నకి చిరాకుపడడు.

మూత్రం పట్టు తప్పడం, రెండు కాళ్ళూ బలహీనపడటం లాంటివి కనబడితే వెన్నుపూసలో బుడిపె ఉందేమోనని ఎమ్మారై చేయాలి. ఇది అరుదు, అయినా ఆలస్యం కూడదు.

మోకాళ్ళు వాలుతున్నాయని తేలితే దానికి మంచి ఉపాయం ఉంది. ఎదుగుదల పొరకి లోపలి పక్కన రెండు స్క్రూలతో చిన్న ప్లేటు వేస్తారు, ఆకారాన్ని బట్టి ఎయిట్ ప్లేట్ అంటారు. ఆ పక్క పెరుగుదల తగ్గుతుంది, బయటి పక్క పెరుగుతూ కాలు దానంతటదే తిన్నగా వస్తుంది. చిన్న ఆపరేషనే, పిల్లాడు కొద్ది రోజుల్లో నడుస్తాడు. సరికావడానికి ఏడాది అటూ ఇటూ పడుతుంది. కానీ రెండు షరతులున్నాయి. మొదటిది, ఎదుగుదల ఇంకా మిగిలి ఉండాలి. మగపిల్లల్లో సుమారు పదహారేళ్ళ దాకా, ఆడపిల్లల్లో పద్నాలుగు దాకా ఉంటుంది. మీ బాబుకి పదకొండే కాబట్టి సమయం చేతిలో ఉంది. ఆ గడువు దాటితే ఎముక కోసి తిప్పి అతికించాల్సి వస్తుంది, అది పెద్ద ఆపరేషన్. రెండోది, ప్లేటు వేయించుకుని మరిచిపోకూడదు. మూడు నాలుగు నెలలకోసారి చూపించాలి, తిన్నగా రాగానే తీయించాలి. లేకపోతే కాలు రెండో వైపుకి వంగుతుంది. నడక బాగుంది కదా అని మానేసేవాళ్ళు చాలామంది, అందుకే మళ్ళీ చెబుతున్నాను.

ముంజెయ్యి దగ్గర మాత్రం సర్జన్లలోనే ఒక మాట లేదు. మణికట్టు దగ్గర బుడిపె తీయడం, కురచైన అల్నాని కోసి, చేతి చుట్టూ బయట బిగించే రింగులతో మెల్లగా పొడిగించడం రెండూ చేస్తారు. కానీ ముంజెయ్యి వంకరగా ఉన్నా పెద్దయ్యాక పనులన్నీ చేసుకునేవాళ్ళు బోలెడుమంది. పొడిగించడం వల్ల చేతి పని ఎంత మెరుగవుతుందన్నది ఇంకా వాదనే. నా అభిప్రాయం ఇది: చూడ్డానికి వంకరగా ఉందని మాత్రమే రింగులు వేయించకండి. చెయ్యి తిరగడం తగ్గుతూ వస్తున్నా, మోచేతి దగ్గర రేడియస్ తల జారే సూచన ఎక్స్‌రేలో కనబడినా అప్పుడు ఆలోచించాలి. అది తెలియాలంటే ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి రెండు ముంజేతులూ మోచెయ్యి, మణికట్టు రెండూ పడేలా ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చాలి. ఫిల్ములు పారేయకండి, అటక మీద వేసి తడవనీయకండి. మంచి వెలుతురులో ఫోన్‌తో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి.

ఒకవేళ రింగులే వేయాల్సి వస్తే, మీది లంక కాబట్టి సర్జన్‌కి తట్టని విషయం ఒకటి మీరే చెప్పాలి. రింగులతో పొడిగించడం రోజుకి ఒక మిల్లీమీటరు, చేతికి ఇంకాస్త మెల్లగా. కొత్త ఎముక గట్టిపడేదాకా కలిపి సెంటీమీటరుకి కనీసం నెల లెక్క వేసుకోవాలి. మూడు సెంటీమీటర్లంటే మూడు నాలుగు నెలలు చేతికి తీగలు గుచ్చి ఉంటాయి. ఆ రంధ్రాలు రోజూ శుభ్రం చేయాలి, మురికి నీళ్ళు తగలకూడదు. ఎండాకాలం సెలవులని మే నెలలో వేయిస్తే జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగే నాటికి రింగులు ఇంకా చేతికే ఉంటాయి. 2022 జులైలో లంకలు ఎలా మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లోకి నీళ్ళు వచ్చి, ఏరు దాటించే పంటు ఆగిపోయి, పిల్లాడి చేతికి చీము పట్టి జ్వరం వస్తే ఎటు వెళ్తారు? అందుకని దసరా దాటాక మొదలుపెట్టమని అడగండి, లేదా ఆ నాలుగు నెలలూ రావులపాలెంలోనో రాజమండ్రిలోనో చుట్టాలింట్లో ఉండేలా చూసుకోండి. బుడిపె తీయడానికైతే, ప్లేటు వేయడానికైతే ఎండాకాలం సెలవులు చక్కగా సరిపోతాయి. కుట్లు ఆరి, పిల్లాడు కూర్చుని లేవగలిగే నాటికి బడి తెరుస్తారు. మరుగుదొడ్డి కింద కూర్చునేదైతే, మోకాలి ఆపరేషన్‌కి ముందే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చిపెట్టుకోండి.

ఎవరికి చూపించాలి? పిల్లల ఎముకల సర్జన్‌కి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి ఎముకల విభాగంలో మొదలుపెట్టి, అవసరమైతే విశాఖ కేజీహెచ్‌కో నిమ్స్‌కో రాయించుకోవచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, అంటే మనం ఆరోగ్యశ్రీ అనేది, తీసుకెళ్ళి, సర్జన్ చెప్పిన ఆపరేషన్ పేరు అక్షరం పొల్లు పోకుండా రాయించుకుని ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. ‘గడ్డ తీయడం’ అని చెబితే ఒక ప్యాకేజీ వస్తుంది, ‘ఎముక వంకర సరిచేయడం’ అంటే ఇంకొకటి వస్తుంది. తీసిన ప్రతి బుడిపెనీ ల్యాబ్‌కి పంపించమని, ఆ రిపోర్టు ఇవ్వమని కూడా అడగండి.

మీ ఆడపడుచు చూపించిన వీడియో అబద్ధం కాకపోవచ్చు, కానీ అది వేరే జబ్బు. ఫైబ్రోడిస్‌ప్లేజియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా, పొట్టిగా ఎఫ్‌ఓపీ అంటారు. పది, ఇరవై లక్షల మందిలో ఒకరికి వస్తుంది. అందులో కండరాలే ఎముకగా మారతాయి. ఆపరేషన్, ముక్క తీసి పరీక్ష, చివరికి కండకి వేసే ఇంజెక్షన్ కూడా దాన్ని రెచ్చగొడతాయి, కాబట్టి వాళ్ళకి కత్తి పెట్టకూడదన్న మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ పిల్లలకి పుట్టుకతోనే కాలి బొటనవేళ్ళు కురచగా, లోపలికి వంగి ఉంటాయి. మీ బాబు కాలి బొటనవేళ్ళు చూడండి. మామూలుగా ఉండి, బుడిపెలు ఎముకకే అంటుకుని ఉండి, ఎక్స్‌రే కూడా అదే చెబుతుంటే ఆ భయం వదిలేయండి. మీ బాబు జబ్బులో కత్తి తగిలితే ఎముక రెచ్చిపోదు, క్యాన్సర్ అవదు.

పుత్తూరు కట్టు వద్దమ్మా. విరిగిన ఎముక సంగతి ఎలా ఉన్నా, బుడిపె కూడా ఎముకే, కట్టుకి కరగదు. బిగించి కడితే పక్కన ఉన్న నరం నలుగుతుంది. ఆముదం రాసి గట్టిగా రుద్దడం కూడా మానేయండి. వీటిని కరిగించే మందు అల్లోపతిలోనూ ఇంతవరకు లేదు, ఎవరైనా కోర్సు వాడమని డబ్బులు అడిగితే ఇవ్వకండి.

మీ అత్తగారికి ఈ పేరా చదివి వినిపించండి. మేనరికం వల్ల బయటపడే జబ్బులు ఉన్నాయి, నిజమే. వాటిలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న జన్యువులు కలవాలి. ఇది ఆ రకం కాదు. ఇఎక్స్‌టి1, ఇఎక్స్‌టి2 అనే రెండు జన్యువుల్లో ఒకదాని ఒక్క నకలు చెడినా చాలు, అమ్మానాన్నల్లో ఎవరో ఒకరికి ఉంటే పిల్లలకి రావచ్చు. మీ వారు ఏ ఊరి అమ్మాయిని చేసుకున్నా ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం ఇలాగే ఉండేది. గ్రహణం చూడటం వల్లో, మీరు ఏదో తినడం వల్లో వచ్చింది అంతకన్నా కాదు. మీ వారి తప్పూ కాదు, ఆయనకి కూడా పుట్టుకతో వచ్చిందే. సుమారు యాభై వేల మందిలో ఒకరికి ఇది ఉంటుంది, కొందరికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా మొదలవుతుంది.

పాపకి కూడా ఆ సగం అవకాశం ఉంది. నాలుగేళ్ళకి కనబడకపోవచ్చు, చాలామందిలో పన్నెండేళ్ళలోపు బయటపడుతుంది. స్నానం చేయించేటప్పుడు మణికట్లు, మోకాళ్ళు, పక్కటెముకలు, వీపు మీద రెక్క ఎముకలు తడిమి చూడండి. గట్టిగా, కదలకుండా ఏదైనా తగిలితే అప్పుడు ఎక్స్‌రే. ఊరికే ఏటా ఒళ్ళంతా ఎక్స్‌రేలు తీయించక్కర్లేదు. రక్త పరీక్షతో జన్యువు చూడవచ్చు, హైదరాబాదులో నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది. బాబుకి ఎక్స్‌రేతోనే తేలిపోయింది కాబట్టి వైద్యానికి ఆ పరీక్ష అవసరం లేదు. మరో బిడ్డ గురించి ఆలోచిస్తుంటే మాత్రం అక్కడ ముందే మాట్లాడండి.

బాబుని ఆటలు మాన్పించకండి. సైకిలు, ఈత, పరుగు అన్నీ మంచివే. బుడిపె మీద నేరుగా దెబ్బ తగిలే కబడ్డీ లాంటివి నొప్పి ఉన్నన్నాళ్ళు పక్కన పెట్టండి. బడిలో బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చోలేకపోతే బెంచీ మీద కూర్చోనివ్వమని టీచరు గారికి డాక్టరు చీటీ ఇప్పించండి. చేతి పని, నడక బాగా తగ్గిన పిల్లలకి సదరం శిబిరంలో పరీక్ష చేసి వైకల్య శాతం నిర్ణయిస్తారు. బాబుకి ఇప్పుడే ఆ అవసరం ఉందని మీ ఉత్తరాన్ని బట్టి నాకనిపించలేదు.

మీ వారికి ఎమ్మారై అయ్యాక ఆ రిపోర్టు, బాబు రెండు ముంజేతుల ఎక్స్‌రేలు, మీరు టేపుతో కొలిచిన అంకెలు నాకు రాయండి. వెళ్ళేటప్పుడు మీ వారికి చిన్నప్పుడు ఎప్పుడైనా తీసిన ఎక్స్‌రే ఇంట్లో ఉంటే తప్పకుండా వెంట పట్టుకెళ్ళండి. ఆ బుడిపె నిజంగా పెరిగిందో లేదో పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తేనే సర్జన్‌కి తేలిగ్గా తెలుస్తుంది.